నిద్రలో నడక - మనసులో దిగులు

వేసవి రాత్రులలో డాబాల మీద పక్కలు పరచుకొని పడుకోవడం సికింద్రాబాదులో ఒకప్పుడు సర్వసాధారణం. చిలకలగూడలోని మా డాబాకు మోకాలెత్తు పిట్టగోడ ఉండేది. ఒక రాత్రి మా చిన్నాన్నగారి అబ్బాయి, అప్పటికి తొమ్మిదేళ్ళవాడు, పక్క మీద నుంచి లేచాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ గుర్తించడం లేదు. తిన్నగా పిట్టగోడ వైపు నడిచాడు. నాయనమ్మ కేకలు వేయకుండా అతని భుజాలు పట్టి మెల్లగా వెనుకకు తిప్పి పడుకోబెట్టింది. తెల్లవారాక అడిగితే అతనికి ఏమీ జ్ఞాపకం లేదు. గాలి సోకిందని ఇరుగుపొరుగువారు తాయెత్తు కట్టించారు. పన్నెండో ఏడు దాటేసరికి ఆ నడక దానంతట అదే ఆగిపోయింది. ఆ ఘనత మాత్రం తాయెత్తుకు దక్కింది.

మన నిద్ర రాత్రంతా ఒకే తీరున సాగదు. తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర అనే దశలు సుమారు 90 నిమిషాలకొకసారి ఆవృత్తమవుతూ ఉంటాయి. గాఢనిద్ర రాత్రి తొలి భాగంలో అధికం. నిద్రలో నడక ప్రధానంగా ఈ గాఢనిద్ర నుంచే పుడుతుంది. కలలో చేసే పనినే మనిషి లేచి చేస్తాడన్న నమ్మకం పూర్తిగా సరికాదు. కలలు దట్టంగా వచ్చే దశలో కండరాలు దాదాపు చలనరహితంగా ఉంటాయి. 2000లో స్విట్జర్లాండులోని బెర్న్ నగర వైద్యులు ఒక 16 ఏళ్ళ యువకుడు నిద్రలో లేచి కదులుతున్నప్పటి మెదడు రక్తప్రసరణను చిత్రించి చూశారు. మెదడులో కొన్ని భాగాలు మేలుకున్నాయి. వివేచనకు ఆధారమైన ముందుభాగం మాత్రం నిద్రలోనే ఉండిపోయింది. అంటే ఆ క్షణంలో మనిషి సగం మేలుకొని, సగం నిద్రలో ఉంటాడన్నమాట.

పిల్లలలో ఇది ఎదుగుదలలో ఒక భాగం. కెనడాలోని క్యూబెక్ పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం పదేళ్ళ వయసులో నూటికి 13 మంది నిద్రలో నడిచినవారే. తల్లిదండ్రులిద్దరికీ ఆ చరిత్ర ఉంటే పిల్లలలో నూటికి 61 మందికి అది సంక్రమించింది. ఇద్దరికీ లేకపోతే 22 మందికి మాత్రమే కనిపించింది. జ్వరం, నిద్రలేమి, భయం దానిని రెచ్చగొట్టవచ్చు. అంతమాత్రాన నడిచే పిల్లవాడికి మానసిక కుంగుబాటు ఉన్నదని అనుకోనక్కరలేదు.

పెద్దలలో లెక్క వేరు. 2012లో అమెరికాలో 19 వేలకు పైగా వయోజనుల వివరాలతో వెలువడిన అధ్యయనంలో, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారు ఇతరులకంటే మూడున్నర రెట్లు అధికంగా నిద్రలో నడుస్తున్నట్లు తేలింది. ఇందులో ఏది కారణం, ఏది ఫలితం? కుంగుబాటు నిద్రను ముక్కలు చేస్తుంది. చెదిరిన నిద్ర అర్ధజాగృతికి దారితీస్తుంది. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు కూడా నడకను ప్రేరేపించవచ్చు. జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో తీవ్రమైన హెచ్చరికనే జారీ చేసింది. వ్యతిరేక దిశ కూడా ఉన్నది. రాత్రి నిద్ర చెడితే పగలు మగత, నిస్పృహ, నలుగురిలో సిగ్గు మిగులుతాయి. ఫ్రాన్సులోని మోంపెలియేలో పరీక్షించిన 100 మంది వయోజన రోగులలో పగటి మగత, నిస్పృహ ఇతరులకంటే ఎక్కువగా కనిపించాయి. రెండూ తరచు కలిసి ఉంటాయనడం నిజం. ఒకటి ఉన్నచోటల్లా రెండోది ఉంటుందనడం పొరపాటు.

మా తమ్ముడికి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో, హాస్టలులో ఉండగా, నడక మళ్ళీ మొదలైంది. అప్పుడతడు రోజుకు నాలుగైదు గంటలే నిద్రపోయేవాడు. క్రికెట్ మానేశాడు. ఇంటికి ఫోను చేయడమూ తగ్గించాడు. రాత్రి వరండాలో తిరుగుతుంటే గది సహచరులు నవ్వారు. వార్డెను ఆకతాయితనమని మందలించాడు. "ఎర్రగడ్డకు పంపాలి" అన్నారొకరు. జంటనగరాల్లో ఆ మాట తిట్టుగా మారడం దురదృష్టకరం. ఎర్రగడ్డలో ఉన్నది దశాబ్దాలుగా వేలమందికి చికిత్స చేస్తున్న ప్రభుత్వ వైద్యశాల. ఆ తిట్టుకు భయపడి వైద్యుని వద్దకు పోనివారెందరో! 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో దేశంలో దాదాపు ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనట్లు వెల్లడైంది. వారిలో అధికులు చికిత్స పొందనివారే.

చివరకు చిన్నాన్న అతనిని ఒక వైద్యురాలి వద్దకు తీసుకొనిపోయాడు. ఆమె నడక గురించి ముందుగా అడగలేదట. అన్నం సరిగా తింటున్నావా, ఇష్టమైన ఆట ఎందుకు మానేశావు, బ్రతుకు మీద విసుగు పుట్టిందా అని అడిగింది. ఆ మూడో ప్రశ్నకు అతడు ఏడ్చాడు. చికిత్స సాగింది. నిద్రకు వేళ ఏర్పడింది. పరీక్షలు మరుసటి సంవత్సరం వ్రాశాడు.

నాయనమ్మ చేసినదే ఇప్పటికీ వైద్యులు చెప్పేది: అరవకుండా, కుదపకుండా పక్క వద్దకు నడిపించాలి. లేపితే ప్రాణాపాయమన్నది అపోహ గాని, బలవంతంగా లేపితే మనిషి తత్తరపడి పెనుగులాడవచ్చు. తలుపులకు గడియలు వేయాలి. మేడమీద, పై బెర్తులో పడుకోబెట్టకూడదు. పెద్దవారిలో కొత్తగా మొదలైనా, ఆగిన నడక తిరిగి వచ్చినా వైద్యుని సంప్రదించాలి. వాడుతున్న మందులను సొంతంగా ఆపడం ప్రమాదకరం. దిగులు గురించి మాట్లాడటానికి 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులో కూడా అందుబాటులో ఉన్నది.

మా తమ్ముడు ఇప్పటికీ సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే కింది బెర్తే అడుగుతాడు. ఎందుకని అడిగిన తోటి ప్రయాణికులకు కారణం దాచకుండా చెబుతాడు.