కర్రసాము – ఎముక బలం – త్రాగునీరు

పీర్ల పండుగకు, తిరునాళ్ళకు కర్ర త్రిప్పే యువకులు తెలుగు పల్లెలకు కొత్త కాదు. డప్పు మోత పెరిగినకొద్దీ కర్ర కంటికి ఆనక, అది గాలిలో గీసే చక్రం మాత్రమే కనుపిస్తుంది. పూర్వం గరిడీలలోను, తాలింఖానాలలోను దండీలు, బస్కీలు తీయించి, ఒళ్ళు కుదిరిన తరువాతనే శిష్యుని చేతికి కర్ర ఇచ్చేవారు. నేడు కరాటే, తైక్వాండో, జూడో కూడ మన పాఠశాలల్లో ప్రవేశించినవి. పేర్లు వేరైనా వీటన్నిటికి ఆధారమైన శరీరధర్మం ఒక్కటే. వీటివలన మేలెంత? కీడు ఎక్కడ పొంచి ఉన్నది? ప్రకాశం సీమ పడమటి భాగాన, వెలిగండ్ల వంటి మెట్ట ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత గలదు.

సాము వలన మేలు

సాము చేసేటప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరితిత్తులు ఎక్కువ ప్రాణవాయువును గ్రహిస్తవి. కన్ను, చెయ్యి, పాదం ఒకే లయకు అలవాటు పడి శరీరానికి నిలకడ కుదురుతుంది. అన్నిటికంటె ముఖ్యమైన మేలు ఎముకకు జరుగుతుంది. ఎముక రాయివలె జడపదార్థం కాదు, అది సజీవమైనది. కొన్ని కణాలు పాత ఎముకను కరగిస్తుండగా, మరికొన్ని కొత్త ఎముకను కడుతుంటవి. ఎముక తనపై పడే భారానికి అనుగుణంగా తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. యౌవనంలో వ్యాయామంతో కూడబెట్టిన ఎముక బలం వార్ధక్యంలో అక్కరకు వస్తుంది.

పొంచి ఉన్న కీడు

చీలమండ బెణకడం, వ్రేళ్ళు విరగడం, మోకాలు దెబ్బతినడం ఈ విద్యలలో సాధారణం. ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల చివర మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఆ ఎముక ఎదుగుదలే కుంటుపడవచ్చు. తలకు తగిలే దెబ్బ మరీ ప్రమాదకరం. పదే పదే దెబ్బలు తిన్న ముష్టియోధులలో మెదడు క్షీణించే సూచనలను అమెరికా వైద్యుడు మార్ట్‌లండ్ 1928లోనే వివరించాడు. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగిన విద్యార్థిని ఆనాడు మళ్ళీ బరిలోకి దింపరాదు, వైద్యునికి చూపించవలె.

ఎండ మరొక శత్రువు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోకాలరీల వేడి కావాలె. ఆ వేడి శరీరంనుంచి పోవడంవల్లనే ఒళ్ళు చల్లబడుతుంది. పోయిన నీరు తిరిగి చేరకపోతే చెమట తగ్గి, శరీరోష్ణం 40 డిగ్రీలు దాటి వడదెబ్బ తగులుతుంది. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు పోటీకోసం, నీరు తగ్గించి చెమటోడ్చి బరువు దించుకోబోయి ప్రాణాలు కోల్పోయారు.

నీటిలోని చిక్కు

కనుక సాము చేసేవారు నీరు బాగా త్రాగవలె. అయితే ఏ నీరు? అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధి ఉన్నదని 1937లో షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. కనిగిరి ప్రాంతం నాడు ఆ జిల్లాలోనిదే. కనిగిరి, వెలిగండ్ల వైపు అనేక బోర్ల నీటిలో ఫ్లోరైడు నేటికీ అధికం.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అన్ని విధాల శరీరంలో చేరేది రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు హాని కలుగవచ్చు. 14కు చేరితే హాని స్పష్టం. ఒక బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉన్నదనుకొందాము. రెండు లీటర్లు త్రాగేవానికి 6 మిల్లీగ్రాములు చేరుతుంది. ఎండలో సాముచేసి నాలుగు లీటర్లు త్రాగేవానికి 12! బలంకోసం పడిన శ్రమే ఈ విధంగా విషాన్ని రెట్టింపు చేస్తుంది. ఎముకలోని ఖనిజంలో చేరిన ఫ్లోరైడు దానిని చిక్కబరుస్తుంది గాని బలపరచదు, ఎముక పెళుసెక్కుతుంది. స్నాయువులలో సున్నపు పదార్థం చేరి వెన్ను, కీళ్ళు బిగుసుకుంటవి.

చేయదగినవి

నీటిని మరగించితే ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును మడ్డితోపాటు అడుగుకు దింపే ‘నల్లగొండ పద్ధతి’, లేదా రివర్స్ ఆస్మాసిస్ యంత్రం ఉపయోగపడుతుంది. శుభ్రంగా పట్టిన వాననీటిలో ఫ్లోరైడు బహు స్వల్పం. శిక్షణ మొదలుకాకముందే ఆ ఊరి నీటిని పరీక్ష చేయించవలె. ఉదయం చల్లని వేళ సాధన మంచిది. పాలు, రాగులు, ఆకుకూరలు ఆహారంలో చేర్చవలె.

ఉపాధ్యాయులు మరొకటి గమనించవలె. పళ్ళపై పసుపు, గోధుమ రంగు చారలున్న విద్యార్థి బాల్యంలో ఫ్లోరైడు నీరు త్రాగి ఉండవచ్చు. అట్టివాని నడుము వంగకపోతే బద్ధకమని గద్దించి బలవంతంగా వంచరాదు. ముందు వైద్యపరీక్ష చేయించవలె.

కర్ర, బరి, గురువు – సామువిద్యకు ఈ మూడు చాలునని పెద్దల భావన. మెట్టసీమలో నాలుగవది కూడ కావాలె: బరి ప్రక్కన ఒక కుండెడు మంచినీరు.