జముకు ఎవరిది?

ఊరూరా తిరిగి పాడుకునే నేను కంచిలిలో కార్యక్రమం ముగించుకుని, ఉద్దానం తోటల మీదుగా బొడ్డపాడు వెళ్లాను. అక్కడి గుడిలో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను శ్రీకాకుళ పోరాటానికి గొంతుగా మలిచాడు. 1969 డిసెంబరులో ఎన్‌కౌంటర్ పేరిట పోలీసులు ఆయనను చంపారు. ఆ త్యాగానికి తల వంచుతాను. నా ప్రశ్న వాద్యం గురించి.

తోలు నడుమ నుంచి బిగించిన తీగను మీటుతూ, అమ్మవార్ల కథలు చెప్పి గింజలు అడుక్కున్నవారే జముకును తరతరాలుగా బతికించారు. వారి చేతిలో ఉన్నంతకాలం అది యాచన. అర్చకుడి చేతికి వచ్చాక కళారూపం, చరిత్ర. ఈ తేడా వాద్యంలో లేదు, పట్టుకున్న చేతి కులంలో ఉంది.

అమెరికాలోని క్లార్క్స్‌డేల్ బ్లూస్ సంగీతానికి పుట్టిల్లు లాంటి ఊరు. 1941లో అలన్ లోమాక్స్ పాట రికార్డు చేసుకున్నప్పుడు మడ్డీ వాటర్స్ ఆ ఊరి పక్క పత్తి తోటలో పనిచేస్తున్నాడు. అతడు నివసించిన గుడిసెను ఇప్పుడు అక్కడి మ్యూజియంలో చూపిస్తారు. దానివల్ల నల్లవారి పేదరికం పోయిందని కాదు. పాట ఎవరి ఇంట పుట్టిందో మాత్రం దాచలేదు.

తిరుగు దారిలో ఒక ఊళ్లో, టీ దుకాణం దగ్గర, జముకు వాయించేవారి ఇళ్లు ఎక్కడని అడిగాను. జవాబుకు ముందు నా కులం అడిగారు.