ప్రాచీనకావ్యములు నేటికిని పఠనీయములా?

హైదరాబాదు నగరములో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు, బాగ్‌లింగంపల్లి అను పేటలు ఒకదాని నొకటి ఒరసికొని యున్నవి. చదువుతో సంబంధముగల స్థలము లిక్కడ కొలది దూరములోనే పెక్కు కలవు. త్యాగరాయ గానసభలో సంగీతసభలతోపాటు గ్రంథావిష్కరణములును జరుగుచుండును. నగర కేంద్ర గ్రంథాలయము యువకులతో నిండియుండును. వారిలో అధికసంఖ్యాకులు ఉద్యోగపు పోటీపరీక్షలకు చదువువారు. బాగ్‌లింగంపల్లిలో పుచ్చలపల్లి సుందరయ్య (1913–1985) గారి పేర వెలసిన విజ్ఞానకేంద్రమున పాత పత్రికలును గ్రంథములును పరిశోధకులకు లభించును. ఆ కేంద్రములో నొక సభ ముగిసిన పిమ్మట మిత్రులము నలుగురము మెట్లపై నిలిచి మాటలాడుచుండగా, ప్రాచీనకావ్యములను నేడు చదువుట వలన ప్రయోజనమేమి అను వాదము బయలుదేరినది. అందు వెలువడిన సందేహములు మన తరగతిగదులలో నిత్యము వినబడునవే కావున వాటిని పురస్కరించుకొని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

అర్థశాస్త్రమును బోధించు మిత్రుడు, కావ్యములు రాజాస్థానములలో పుట్టినవనియు, వాటిలో దేవతలు, రాజులు, వారకాంతలు తప్ప కష్టించి బ్రతుకు మనుష్యుడు కానరాడనియు అనెను. కథలు వ్రాయు మరియొక మిత్రుని అభ్యంతరము భాషను గూర్చినది. ఒక ఆశ్వాసమును నిఘంటువుతో కుస్తీపట్టి ముగించునంతలో నాలుగు మంచి నవలలు చదువవచ్చునని ఆయన లెక్క. మూడవవాడు వయసున చిన్నవాడు. వరంగల్లు ప్రాంతపు పల్లెనుండి వచ్చి అశోక్‌నగరులో గది అద్దెకు తీసికొని పరీక్షలకు చదువుచున్నాడు. ఆతడు వాదింపలేదు. క్రీడాభిరామకర్త శ్రీనాథుడా, వినుకొండ వల్లభరాయడా అను వివాదమును గూర్చి ఏ ప్రశ్న వచ్చినను తాను జవాబు వ్రాయగలననియు, ఆ పుస్తకమును మాత్రము ఇంతవరకు కంట చూడలేదనియు చెప్పెను. మొదటి యిద్దరి ఖండనముకంటె ఈ మాటయే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది.

ఏలయన, ఖండనము మనకు క్రొత్తది కాదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున ప్రబంధకవులను తీవ్రముగా విమర్శించిరి. పింగళి సూరన కళాపూర్ణోదయమును వారెంత సూక్ష్మముగా పఠించిరో ఆ గ్రంథమే సాక్ష్యము చెప్పును. మహాప్రస్థానమును (1950) ప్రకటించిన శ్రీశ్రీ అంతకుముందే, 1928లో, సంప్రదాయచ్ఛందస్సులో ‘ప్రభవ’ను వెలువరించియుండెను. 1965లో ఈ నగరముననే దిగంబరకవుల తొలిసంపుటిని పాండు అను రిక్షాకార్మికుడు ఆవిష్కరించినపుడు సాహిత్యలోకపు మర్యాదలన్నియు ఒక్కసారిగా కదలినవి. ఈ ధిక్కారములను నేను తక్కువ చేయను. తెలుగుకవిత్వము వాటివలన బలపడినదనియే నా యభిప్రాయము. అయితే కట్టమంచివారును శ్రీశ్రీయును తాము కాదన్నదానిని ఎరిగి కాదనిరి. నేడు కాదనువారును అరుదే. పరీక్షకు వలసిన నాలుగు ముక్కలు కంఠస్థము చేసి పుస్తకమును దాటిపోవుట యలవాటైనది. మన సారాంశబోధన ఈ యలవాటును పెంచినదని చెప్పక తప్పదు.

భాషాక్లేశమును ముందు విచారింతము. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో బాతులను గూర్చిన ప్రసిద్ధపద్య మొకటి కలదు. సమాసములు దీర్ఘములు, తొలిచూపున విద్యార్థికి లోపలికి దారి దొరకదు. అన్వయించి చూచిన విషయ మిది: వరిమళ్ళ కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రించుచున్నవి. తెల్లవారుజామున స్నానమునకు వచ్చిన బ్రాహ్మణులు బట్టలను పిండి ముద్దలుగా విడిచి మరచిపోయిరని ఆరెకులు, అనగా కావలివారు, భ్రమపడిరి. వాటిని వారి యిండ్లకు చేర్పబూని నీటిలో దిగిరి. బట్టలముద్దలు కాస్త పరుగు లంకించుకొన్నవి. చేలకు కావలియున్న స్త్రీలు అది చూచి నవ్విరి. ఈ నవ్వు పద్యాంతమున వచ్చును. సమాసములను ఒక్కొక్కటిగా విడదీసికొనుచు అంతవరకు నడచినవానికే అది వినబడును. “బాతులను బట్టలని భ్రమించుట, భ్రాంతిమదలంకారము” అని వ్రాయించుకొన్నవానికి వినబడదు. వేదము వేంకటరాయశాస్త్రి గారి సంజీవనీవ్యాఖ్యను దగ్గర నుంచుకొన్నచో ఒక గంటలో ఇటువంటి పద్యములు రెండుమూడు తీరికగా చెప్పవచ్చును. ఒక గంటకు రెండుమూడు పద్యములు చాలునా యని అడుగువారు కలరు. చాలునని నా యనుభవము.

అర్థశాస్త్రపు మిత్రునకు ఈ పద్యమునుండియే ఒక సమాధానము లభించును. కావ్యకర్త విజయనగరసామ్రాట్టు కృష్ణదేవరాయలు. అందు పొరబడినవారు కావలివారు. వారిని చూచి నవ్వినది వరిచేలు కాచుకొను ఆడువారు. ఆస్థానపు కావ్యములో పొలము లేదనుట, పొలము కనబడు పద్యములను మనము చెప్పకపోవుటవలన ఏర్పడిన భావము.

ఇక క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు ఇది తెలుగుసేత. వీథి యను రూపకభేదమునకు చెందినది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రు లిద్దరు ఓరుగంటి వీథులలో తిరుగుచు కనబడినదెల్ల చూచుచు మాటలాడుకొందురు. కథ యనదగినది దాదాపు లేదు. ఒక బ్రాహ్మణుడు, ఒక వైశ్యుడు, వారి నడుమ పరిహాసములు, చుట్టును నగరము. ఒక్క రూకకు పూటకూటింట ఏమేమి వడ్డింతురో చెప్పిరి. పలనాటివీరుల కథను పాడుచున్న స్త్రీని చూచిరి. కోడిపందెములు, పొట్టేళ్ళ పోరు చూచిరి. మైలారదేవుని కొలుచు వీరుల సాహసములు చూచిరి. ఏకవీరాదేవి గుడిని చూచిరి. మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి గారల వంటి పండితులు ఈ చిన్నకావ్యమును పరిష్కరించి ముద్రింపకున్నచో కాకతీయనగరపు వీథిలో సామాన్యుడు ఏమి తినెనో, దేనిని చూచి కేకలు వేసెనో మనకు ఇంత దగ్గరగా తెలిసియుండెడిది కాదు. శాసనములు రాజులను, దానములను, సంవత్సరములను చెప్పును. పూటకూటింటి వంటకములను చెప్పవు.

ఈ విషయమును గుర్తించి కావ్యములను క్రొత్తవిధమున చదివిన మహనీయుడు ఈ నగరముననే కృషిచేసిన సురవరము ప్రతాపరెడ్డి గారు (1896–1953). 1926లో గోలకొండపత్రికను స్థాపించి, 1934లో తెలంగాణమునందలి 354 మంది కవుల రచనలతో గోలకొండకవుల సంచికను వెలువరించిన వారు, 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను ప్రకటించిరి. ఆ గ్రంథమునకు వారి మరణానంతరము 1955లో, తెలుగున తొలిసారిగా, కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించినది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రము, క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి మొదలగువానినుండి వారు ఏరినవి ఆటలు, నగలు, బట్టలు, పంటలు, పన్నులు, జాతరలు. కవిత్వమునకు మార్కులు వేయుట వారి పని కాలేదు. ఉత్తమకావ్యములని మనము నెత్తిన పెట్టుకొన్న కొన్నింటిలో వారికి పనికివచ్చునది కొంచెమే దొరకినది. పండితులు చిన్నచూపు చూచిన కొన్నింటిలో రాశులుగా దొరకినది.

వారి పద్ధతిలో మరియొక విశేషము కలదు. ఈ వ్యాసమునకు అదియే ముఖ్యము. కావ్యములో కనబడి నిఘంటువులకు ఎక్కని పదము వచ్చినపుడు వారు తెలంగాణపు పల్లెలలో ఆ పదము నేటికిని వినబడుచున్నదా యని వెదకిరి. క్రీడాభిరామములోని ఏకవీరను రేణుకయగు ఎల్లమ్మతో అన్వయించి, జమిడిక వాయించుచు ఎల్లమ్మకథను చెప్పు బవనీలవారిని ప్రస్తావించిరి. కావ్యమునకు వ్యాఖ్య సంస్కృతకోశమునుండి మాత్రమే గాక ఊరి నడుమనుండియు వచ్చుననుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

నాటి సంభాషణములో నేను ఈ భాగమును చెప్పినపుడు, అంతవరకు ఊరకయున్న ఆ వరంగల్లు యువకుడు మాట కందుకొనెను. ఎల్లమ్మకథ ఎన్ని రాత్రులు నడచునో, జమిడికను చంకలో ఎట్లు పట్టి వాయింతురో, ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గువారు పట్నములు వేయుట ఎట్టిదో చేతులతో చూపుచు వర్ణించెను. మైలారదేవుడన్నచో మా మల్లన్నయే గదా యనెను. మిగిలిన మాకు మువ్వురకు అది పుస్తకమున చదివిన సంగతి. ఆతనికి చిన్ననాటినుండి చూచిన సంగతి. క్రీడాభిరామమును తెరవని ఆతడే దానిని చదువుటకు మాయందరికంటె అర్హుడు. కళాశాల ముఖము మొదట చూచిన కుటుంబములనుండి నేడు మన శాఖలకు వచ్చు విద్యార్థులలో అనేకులు ఇట్టివారే. ప్రాచీనసాహిత్యము తమది కాదని వారు తలంతురు. వారి తలపునకు కారణము మనము దానిని చెప్పిన తీరు.

దీనినుబట్టి పాతదెల్ల పఠనీయమని నేను వాదించుటలేదు. ఒకరినొకరు అనుకరించిన ప్రబంధములు కొన్ని పరిశోధకునకు తప్ప అక్కరలేదు. వాటిని పాఠ్యములుగా ఉంచి విద్యార్థిని విసిగించుట కంటె తీసివేయుట మేలు. క్రీడాభిరామములోనే ఆ మిత్రుల చూపు స్త్రీలపై పడినచోట్ల నేటి తరగతిలో తలవంపులు తెచ్చునవి కలవు. వాటిని దాచనక్కరలేదు, ఆనాటి నాగరకుడు స్త్రీని ఎట్లు చూచెనో అదియు చరిత్రయే. ఏది చదువదగినదో నిర్ణయించు అధికారము ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న కూడ కలదు. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సమగ్రముగా ముద్రింపించగా, అశ్లీలమని ప్రభుత్వము నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులు గారి కాలమున, 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. అట్టి శృంగారమునే వ్రాసిన పురుషుల ప్రబంధములు ఆ కాలమున పాఠ్యములుగా చెల్లినవి. ఇది ప్రత్యేకవ్యాసమునకు తగిన విషయము.

పుస్తకములకు అపాయము నీటివలనను కలుగును. 2000వ సంవత్సరము ఆగస్టులో వచ్చిన వరదకు పైన చెప్పిన సుందరయ్య విజ్ఞానకేంద్రములోనికి నీరు ప్రవేశించినది. అబ్దుస్ సమద్ ఖాన్ అను హైదరాబాదు నివాసి చిరకాలము ప్రోవుచేసిన ఉర్దూ గ్రంథములును పత్రికలును షికాగో విశ్వవిద్యాలయము మొదలగువాని పూనికతో అక్కడ చేర్పబడియుండెను, అవియు తడిసినవి. తడిసిన కాగితమును ఆరబెట్టవచ్చును, ఛాయాప్రతులు తీయవచ్చును. తెలుగు ప్రాచీనకావ్యముల ముద్రణములు వేలకొలది నేడు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. కవిత్రయభారతమునకు ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి సంశోధితముద్రణము కలదు. తిరుమల తిరుపతి దేవస్థానములవారి సవ్యాఖ్యానముద్రణము కలదు. ప్రతులు దొరకవను సాకు మనకు లేదు.

లోపించుచున్నది అర్థము. శబ్దరత్నాకరమును (1885) తెరచి హంసవింశతిలోని ఆటల పేర్లకు అర్థము వెదకుడు. పెక్కింటికి ‘క్రీడావిశేషము’ అని యుండును. వంటకమునకు భక్ష్యవిశేషము, బట్టకు వస్త్రవిశేషము, చెట్టునకు వృక్షవిశేషము. బహుజనపల్లి సీతారామాచార్యుల వంటి మహాపండితునకు తెలిసినంత ఆయన వ్రాసెను. ఆ యాట ఎట్లాడుదురో, ఆ చెట్టు దేనికి పనికివచ్చునో తెలిసినవారు పాలమూరులోనో, పలనాటిలోనో, కరీంనగరు పల్లెలలోనో ఉండిరి. వారిని అడిగినవారు లేరు. ఇప్పటికిని అట్టి వృద్ధులు కొందరు మిగిలియున్నారు.

పరిశోధకవిద్యార్థులకు నే నొక పని సూచింతును. హంసవింశతినుండి ఆటల పట్టికను, సరకుల పట్టికను వ్రాసికొనుడు. పండితారాధ్యచరిత్రము పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రికులను గూర్చిన పదములను చేర్చుకొనుడు. సెలవులలో ఇంటికి పోయినపుడు అవ్వలను, తాతలను, కుమ్మరిని, సాలెను, గొల్లను అడిగి, చెప్పినవారి ఊరు, వృత్తి, వయస్సులతో సహా వారి మాటలలోనే వ్రాసికొనుడు. ముందు పద్యమును వారికి చదివి వినిపింపుడు. అర్థము చెప్పి అడుగవలదు.