వచ్చిన ఫైలు ఎక్కడ చేరింది?

ఫోను నుంచి ఫోనుకు, కంప్యూటరుకు పంపిన కాగితాలు దొరకక గ్రామస్తుల తికమక

మండల కేంద్రాలలోని జిరాక్సు దుకాణాల వద్ద తరచుగా జరిగే తగవు ఒకటి ఉంది. రైతు తన సెల్‌ఫోనులో ఉన్న పట్టాదారు పాసు పుస్తకం నకలును దుకాణం కంప్యూటరుకు బ్లూటూత్ ద్వారా పంపుతాడు. వెళ్ళినట్లు ఫోనులో కనబడుతుంది. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు మాత్రం రాలేదంటాడు. మళ్ళీ పంపుతారు. మళ్ళీ రాలేదంటాడు. బ్యాంకులో పంట రుణానికి ఆ రోజే ఆఖరు గడువైతే ఆ రైతు మరో బస్సు పట్టుకుని ఊరికి పోయి అసలు పుస్తకం తెచ్చుకోవలసిందే. కౌన్సెలింగుకు వెళ్ళే విద్యార్థుల మార్కుల జాబితాలకూ ఇదే గతి పడుతున్నది.

నిజానికి ఫోనులో వెళ్ళిందని వచ్చిందంటే చాలా సందర్భాలలో ఫైలు చేరినట్లే. వెతికే చోట కాక వేరొక చోట ఉంటుంది, అంతే. ఆర్టీసీ కార్గోలో వచ్చిన మూట బస్టాండులో ఉంటుంది. తపాలాలో వచ్చినది పోస్టాఫీసులో ఉంటుంది. పోస్టాఫీసుకు పోయి ఆర్టీసీ మూట ఏదని అడిగితే లేదనే చెబుతారు. ఫైళ్ళ సంగతీ ఇంతే. అది ఏ దారిన వచ్చిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఫోనులో ఎక్కడ?

ఎక్కువ మంది చేసే పొరపాటు గ్యాలరీలో వెతకడం. గ్యాలరీలో ఫొటోలు, వీడియోలు మాత్రమే కనబడతాయి. పాసు పుస్తకం నకలు, ఈసీ, ఆధార్, హాల్ టికెట్టు వంటివి సాధారణంగా పి.డి.ఎఫ్. రూపంలో ఉంటాయి. అవి గ్యాలరీలోకి రావు. వాటి కోసం 'ఫైల్స్' అనే యాప్ తెరవాలి. శాంసంగ్ ఫోన్లలో దీని పేరు 'మై ఫైల్స్'. కొన్ని కంపెనీల ఫోన్లలో 'ఫైల్ మేనేజర్' అని ఉంటుంది. పేరు ఏదైనా పని ఒకటే.

బ్లూటూత్ ద్వారా వచ్చిన ఫైలు పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో 'బ్లూటూత్' అనే ఫోల్డరులో చేరుతుంది. కొత్త వాటిలో చాలా వరకు 'డౌన్‌లోడ్' ఫోల్డరులో గాని, అందులోనే ఉన్న బ్లూటూత్ ఫోల్డరులో గాని ఉంటుంది. చాలా ఫోన్లలో సెట్టింగులలోని బ్లూటూత్ విభాగంలో 'బ్లూటూత్ ద్వారా అందిన ఫైళ్ళు' అనే జాబితా కూడా ఉంటుంది. ఫోల్డర్లన్నీ గాలించే ఓపిక లేనివారు ముందు అక్కడ చూడడం మేలు.

'క్విక్ షేర్' దారి వేరు. గూగుల్ సంస్థ 2020లో 'నియర్‌బై షేర్' పేరుతో తెచ్చిన సదుపాయాన్ని 2024లో శాంసంగ్ వారి క్విక్ షేర్‌తో కలిపి ఒకే పేరు పెట్టారు. ఇందులో వచ్చినవి డౌన్‌లోడ్ ఫోల్డరులో చేరతాయి. సాధారణంగా అందులోనే 'క్విక్ షేర్' అని విడిగా ఒక ఫోల్డరు ఉంటుంది. పేరు మారక ముందు వచ్చినవి 'నియర్‌బై షేర్' అనే పాత ఫోల్డరులో అలాగే ఉండిపోయి ఉండవచ్చు.

ఒకప్పుడు పల్లెలలో సినిమా పాటలు పంచుకోవడానికి షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు వాడని కుర్రకారు లేరు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. యాప్ పోయినా వాటి ద్వారా వచ్చిన ఫైళ్ళు పోలేదు. పాత ఫోను ఇంట్లో ఉంటే ఆ యాప్ పేరుతోనే ఉన్న ఫోల్డరులో అప్పటి పెళ్ళి ఫొటోలు దొరికే అవకాశం ఉంది.

ఐఫోన్ వాడేవారు ఒక సంగతి గమనించాలి. ఆండ్రాయిడ్ ఫోను నుంచి మామూలు బ్లూటూత్‌తో ఐఫోన్‌కు ఫైలు పంపడం కుదరదు. వాటికి 'ఎయిర్‌డ్రాప్' అనే సొంత దారి ఉంది. అందులో వచ్చిన ఫొటోలు ఫొటోల యాప్‌లోకి పోతాయి. మిగిలిన ఫైళ్ళు దాచినప్పుడు ఎక్కువగా ఫైల్స్ యాప్‌లోని డౌన్‌లోడ్స్‌లో చేరతాయి.

ఫైలు పేరు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. ఫైల్స్ యాప్‌లో కొత్తవి పైన వచ్చేలా తేదీ వరుసన పెట్టుకుంటే ఇప్పుడే వచ్చినది మొదట కనబడుతుంది.

కంప్యూటరుతోనే అసలు చిక్కు

ఫోను కన్నా విండోస్ కంప్యూటరు దగ్గరే ఎక్కువ మంది తికమక పడుతున్నారు. బ్లూటూత్ ఆన్ చేసి ఉన్నంత మాత్రాన కంప్యూటరు ఫైలు తీసుకోదు. ఫోను నుంచి పంపక ముందే కంప్యూటరు బ్లూటూత్ సెట్టింగులలో 'రిసీవ్ ఫైల్స్' అన్నది నొక్కి, ఎదురుచూసే కిటికీ తెరిచి ఉంచాలి. అది తెరవకుండా ఎన్నిసార్లు పంపినా వెళ్ళలేదనే వస్తుంది. ఫోను చెడిపోయిందనుకుని మరమ్మతుకు ఇవ్వడం దండగ.

ఫైలు చేరాక కంప్యూటరు తెర మీద దాని పేరు, దాని కింద దాచే చోటు కనబడతాయి. చాలామంది ఆ రెండో వరుస చదవరు. అది చాలాసార్లు 'డాక్యుమెంట్స్' అని ఉంటుంది. 'బ్రౌజ్' నొక్కి డెస్క్‌టాప్ అని మార్చుకుంటే ఫైలు ఎదురుగానే ఉంటుంది. ఆ తరువాత 'ఫినిష్' నొక్కాలి. నొక్కకుండా కిటికీ మూసేస్తే వచ్చిన ఫైలు దక్కకపోవచ్చు. పాత విండోస్ 7 యంత్రాలు ఉన్న చోట డాక్యుమెంట్స్‌లోని 'బ్లూటూత్ ఎక్స్ఛేంజ్ ఫోల్డర్' కూడా చూడాలి. క్విక్ షేర్ ద్వారా గాని, విండోస్ వారి 'నియర్‌బై షేరింగ్' ద్వారా గాని వచ్చినవైతే మామూలుగా డౌన్‌లోడ్స్‌లో ఉంటాయి.

బ్లూటూత్ దాదాపు 10 మీటర్ల దూరం వరకు పని చేస్తుంది. మధ్యలో గోడ ఉంటే ఆ దూరం తగ్గుతుంది. దీనికి నెట్ బ్యాలెన్సు ఖర్చు కాదు. పాసు పుస్తకం పేజీ క్షణాలలో పోతుంది గాని పెళ్ళి వీడియో పంపబోతే చాలాసేపు పడుతుంది. ఫొటోలు, వీడియోలు పెద్దవైతే క్విక్ షేర్ నయం. అది బ్లూటూత్‌తో పక్క ఫోనును గుర్తుపట్టి, సరుకును వైఫైతో పంపుతుంది. దానికీ నెట్ అవసరం లేదు. అన్నట్టు బ్లూటూత్ అనేది పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ అనే రాజు బిరుదు. ఆ పేరునే ఈ పద్ధతికి పెట్టారు.

దుకాణంలో మిగిలిపోయే కాగితం

వాట్సాప్‌లో పంపితే ఈ గొడవ ఉండదు కదా అనేవారున్నారు. కాని అలా పంపితే పంపినవారి ఫోను నంబరు దుకాణదారుకు చేరుతుంది. అది ఇష్టం లేని ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. బ్లూటూత్‌తో పంపితే నంబరు ఇవ్వనక్కరలేదు. ఇది చిన్న సదుపాయం కాదు.

కాగా ఏ దారిన పంపినా, ప్రింటు తీసుకుని డబ్బులిచ్చి వచ్చేసిన తరువాత కూడా ఆ ఫైలు దుకాణం కంప్యూటరులోనే ఉంటుంది. ఎవరూ తీసివేయరు. ఒక్కసారి ఏ జిరాక్సు దుకాణం డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచినా ఊళ్ళో సగం మంది ఆధార్ కార్డులు, భూముల సర్వే నంబర్లు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు వరుసగా కనబడినా ఆశ్చర్యం లేదు. దుకాణదారుకు దురుద్దేశం లేకపోవచ్చు. ఆ కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళందరి సంగతి ఎవరు చెప్పగలరు? పైన చెప్పిన చోట్లు తెలుసుకోవడం ఇందుకూ అవసరం. ఫైలు ఎక్కడ చేరిందో తెలియనివారు దానిని తీసివేయమని ఎలా అడుగుతారు?

ప్రింటు చేతికి రాగానే ఆ ఫైలును తమ కళ్ళ ముందే డిలీట్ చేయమని అడగడంలో మొహమాట పడనక్కరలేదు. మామూలుగా డిలీట్ చేసినది 'రీసైకిల్ బిన్'లోకి పోతుంది, అక్కడ నుంచీ తీయించాలి. షిఫ్ట్ మీట నొక్కి ఉంచి డిలీట్ కొడితే బిన్‌లోకి పోకుండానే పోతుంది. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా, చివరి నాలుగే కనబడే 'మాస్క్‌డ్ ఆధార్' దించుకునే వీలుంది. అది చెల్లే చోట అదే ఇవ్వడం మంచిది.

ఇక అడగకుండా వచ్చే ఫైళ్ళ విషయం. బస్సులోనో సంతలోనో ఉండగా ఎవరో ఫైలు పంపుతున్నారని తెర మీద వస్తే ఒప్పుకోకూడదు. ముఖ్యంగా పేరు చివర 'ఏ.పి.కె.' అని ఉంటే అది ఫొటో కాదు, శుభలేఖా కాదు, ఫోనులోకి ఎక్కే యాప్. ఒకే రకం ఫోన్లు ఒకే పేరుతో కనబడతాయి గనుక పంపేవారు కూడా ఎదుటి ఫోను పేరును అడిగి సరిచూసుకుని పంపాలి. పని అయ్యాక ఫోను బ్లూటూత్ జాబితాలో దుకాణం కంప్యూటరు పేరు మీద నొక్కి 'ఫర్గెట్' చేస్తే ఆ జత తెగిపోతుంది. మళ్ళీ వచ్చినప్పుడు కొత్తగా కలుపుకోవడానికి నిమిషం కూడా పట్టదు.