ఆస్కారు జోస్యము

ఏటేట శిశిరము ముగియు వేళకు అమెరికా దేశమందలి లాస్ ఏంజిలీసు నగరమున చలనచిత్ర అకాడమీవారు బహుమానములు పంచుదురు. ఆస్కారు అను ముద్దుపేరు గల ఆ బంగారు పూతబొమ్మ యెవరి చేతికి పోవునో ముందుగా చెప్పుట యిప్పుడు లోకమంతట నొక విద్యగా ప్రబలినది. మన యిండ్లకును ఆ విద్య రాకపోలేదు. 2023 మార్చి 12వ తేదీ రాత్రి, అనగా మనకు మఱునాటి యుదయమున, "నాటు నాటు" పేరు పిలువబడు వఱకు తెలుగు కుటుంబములలో ఎన్ని పందెములు, ఎన్ని వాదములు జరిగెనో సోదరీమణులెఱుగుదురు.

ఈ పందెములలో నోడువారు తఱచుగా నొక్క కారణముచేతనే యోడుదురని మా యభిప్రాయము. వారు తమకు నచ్చినదానిని చెప్పుదురు. జోస్యమునకు కావలసినది చిత్రములోని గుణమును తూచుట కాదు. వోటు వేయువారి మనస్సును చదువుట.

దమయంతీ స్వయంవరమున ఐదుగురు నలులు వరుసగా కూర్చుండిరి. నటీమణుల బహుమానమునకును ఐదుగురే పోటీలో నిలుతురు. దమయంతి రెప్పపాటును, చెమటను, వాడిన పూదండను, నేలనంటిన పాదములను చూచి తన నలుని గుర్తించెను. జోస్యులును అట్టి చిహ్నములనే వెదకుదురు. అయితే ఆమె తన వరుని తానే యెన్నుకొన్నది. వీరో, దండ యెవరి మెడలో పడునో మండపము వెలుపల నిలిచి యూహింపవలసినవారు. కావున ముందుగా దమయంతి యెవరో తెలిసికొనవలెను.

ఇచట దమయంతి సుమారు పదివేలమంది గల సభ్యసమూహము. అందఱును సినిమా పనివారే. పోటీకి నిలుపువేళ నటులను నటులును, దర్శకులను దర్శకులును, పాటలను సంగీతజ్ఞులును ఎన్నుకొందురు. తుది వోటు మాత్రము అందఱును అన్నిటికిని వేయవచ్చును. ఈ భేదము మఱచినవారికి "నాటు నాటు" గెలుపు వింతగా తోచును. ఆ సంవత్సరము మన దేశము తరఫున పంపబడినది గుజరాతీ చిత్రమైన "ఛెల్లో షో". "ఆర్ ఆర్ ఆర్" కాదు. దానికి దక్కిన నామినేషను పాటకొక్కటే. పోటీలో లేడీ గాగా, రిహానా వంటి లోకప్రసిద్ధలు గలరు. కాని తుది వోటువేళ దుస్తులు కుట్టించువారు, దీపములమర్చువారు, కూర్పరులు గూడ న్యాయాధిపతులే. రాగభేదములు తెలియకున్నను ఆ చిందు వారి కన్నులలో నిలిచినది. జనవరి 10వ తేదీననే గోల్డెన్ గ్లోబు బహుమానము దానికి వచ్చియుండెను. కీరవాణిగారును, చంద్రబోసుగారును వేదిక నెక్కినది జోస్యులకు ఆశ్చర్యము కాలేదు; మనకు ఆనందము మాత్రము తగ్గలేదు. "ఈమెకు ఎన్నడో రావలసినది, ఈసారి తప్పక వచ్చును" అను తర్కము మాత్రము పాటల విషయమున నమ్మదగినది కాదు. డయాన్ వారెన్ అను పాటల రచయిత్రి 2025 వఱకు 16 మారులు పోటీలో నిలిచియు ఒక్కసారియైన గెలువలేదు. గౌరవ పురస్కారమును మాత్రము 2022లో నిచ్చిరి.

చిహ్నములలో మిక్కిలి గట్టిది దర్శకుల సంఘమువారి తీర్పు. 1948 చిత్రములు మొదలు 2024 చిత్రముల వఱకు వారి బహుమానమును, ఆస్కారు దర్శక బహుమానమును ఎనిమిది మారులు మాత్రమే వేఱువేఱు చేతులకు పోయినవి. వారు వోటు వేయుటకు అకాడమీలోను గలరు గనుక నిది సహజము. గోల్డెన్ గ్లోబు ఇచ్చువారు పత్రికా ప్రతినిధులు. వారికి అకాడమీలో వోటు లేదు. ఆ సభ యెంత వైభవముగా జరిగినను చిహ్నముగా బలహీనమే.

నటీమణుల విషయమున 2019లో గ్లెన్ క్లోజు గెలుచునని అందఱు నమ్మిరి. గోల్డెన్ గ్లోబును, నటుల సంఘపు బహుమానమును ఆమెకే వచ్చియుండెను. గెలిచినది ఓలివియా కోల్మను. 2024లో లిల్లీ గ్లాడ్‌స్టనుకు నటుల సంఘము పట్టము గట్టగా ఆస్కారు ఎమ్మా స్టోనుకు పోయెను. 2025లో డెమీ మూరుకు రావలసినదనుకొన్నది మైకీ మాడిసనునకు వచ్చెను. ఈ మువ్వురు విజేతలకును అంతకుముందే బ్రిటిషు చలనచిత్ర అకాడమీ, అనగా బాఫ్టా, బహుమానమిచ్చినది. 2016 తరువాత అమెరికా అకాడమీ విదేశీయులను విశేషముగా చేర్చుకొన్నందున సముద్రమున కావలి మాటకు విలువ పెరిగినదని మేము తలంచుచున్నాము. అయినను ఇదియు శాసనము కాదు. 2023లో బాఫ్టా కేట్ బ్లాంచెట్టునకు రాగా, నటుల సంఘము కోరిన మిషెల్ యో ఆస్కారు పొంది, ఉత్తమ నటి బహుమానమందిన మొదటి ఆసియా వనిత యయ్యెను.

ఉత్తమ చిత్రమునకు లెక్కయే వేఱు. 2010 నుండి సభ్యులు పోటీ చిత్రములకు తమకిష్టమైన వరుసలో అంకెలు వేయవలెను. ఇరువదిమంది బంధువులున్న యింట పండుగకు పిండివంట నిర్ణయించుట యనుకొనుడు. ఎనమండుగురు పాకుండలు, ఏడుగురు బూరెలు, ఐదుగురు అరిసెలు కోరిరి. సగమునకు మించి యెవరికిని రాలేదు. అన్నిటికన్న తక్కువైన అరిసెలను తొలగించి, ఆ యైదుగురు రెండవదిగా వ్రాసినదానిని చూతురు. అది బూరెలైనచో పండ్రెండు వోట్లతో బూరెలే గెలుచును. కొందఱు మిక్కిలిగ ప్రేమించి కొందఱు ద్వేషించు చిత్రమునకు ఈ పద్ధతి అనుకూలము కాదు. 2019లో విమర్శకులు మెచ్చిన "రోమా"ను కాదని "గ్రీన్ బుక్కు" గెలిచెను. ఇట్లే అంకెలు లెక్కించు నిర్మాతల సంఘమువారు దానినే ముందు ఎన్నియుండిరి. మఱుసటి యేడు వారును, దర్శకుల సంఘమును "1917" వైపు మొగ్గగా కొరియా చిత్రము "పారసైటు" గెలిచి, ఆంగ్లేతర భాషలలో ఆ గౌరవమందిన మొదటి చిత్రమయ్యెను. నటుల సంఘమువారు మాత్రము దాని నటవర్గమునకు బహుమానమిచ్చి సూచనచేసియుండిరి.

"ఇంతవఱకు జరుగలేదు గనుక ఇకమీదటను జరుగదు" అనువారిని మేము నమ్మము. 1929లో మొదలైన ఈ బహుమానములలో 81 ఉత్సవముల వఱకు ఏ స్త్రీయు దర్శకత్వమునకు గెలువలేదు. పోటీకైనను 1977లో లీనా వెర్ట్‌ముల్లరు, 1994లో జేన్ కాంపియను, 2004లో సోఫియా కొప్పోలా, ఈ మువ్వురే నిలిచిరి. పాత లెక్కలు చూచుకొనువాడు 2010లోను పురుషుని పేరే వ్రాసియుండును. కాని ఆ జనవరిలోనే దర్శకుల సంఘము కాథరిన్ బిగెలోను ఎన్నుకొన్నది. కొలది వారములకు ఆస్కారును ఆమెదే యయ్యెను. తరువాత 2021లో క్లోయీ జావో, 2022లో కాంపియను గెలిచిరి. 2025 వఱకు స్త్రీలలో వీరు మువ్వురే.

ఇది పందెముల సరదా మాత్రము కాకపోవుట యిందువలననే. జోస్యుల జాబితాలో నున్న చిత్రమునే పనితొందరలో నున్న సభ్యుడు ముందు చూచును. జాబితాకెక్కని చిత్రము, అది యెంత మంచిదైనను, చూడబడకయే మిగులును. ఇండ్లలో పందెము వేయు సోదరీమణులు "వచ్చునది" అని యొకటి, "రావలసినది" అని మఱియొకటి, రెండు వరుసలు వేఱుగా వ్రాసికొనుట మేలు. మొదటి వరుసకు సంఘముల తీర్పులు చూచినను, రెండవదానికి చిత్రమునే చూడవలెను.

2026 బహుమానములనుండి అకాడమీవారు క్రొత్త నియమము పెట్టిరి. ఏ బహుమానమునకు తుది వోటు వేయుదురో, దానికి పోటీలో నిలిచిన చిత్రములన్నిటిని సభ్యులు చూచియుండవలెను. వినికిడిమీద వోటు వేయువారిని అది కొంత అడ్డగింపగలదు. పోటీకి నిలుపువేళకు మాత్రము పెక్కు బహుమానములకు ఈ నియమము లేదు. ఆ మొదటి గడపలోనే వెనుదిరుగు చిత్రములకు జోస్యుల జాబితాయే ఇప్పటికిని ద్వారపాలకుడు.