ఆహారం, ఉపవాసం: రక్తంలో గ్లూకోజ్ నియంత్రణలో కాలేయం పాత్ర

ఉపోద్ఘాతం

ఆరోగ్యవంతుని రక్తం మొత్తంలో ఒక సమయాన ఉండే గ్లూకోజ్ సుమారు 5 గ్రాములు. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాములు, అంటే గంటకు 5 గ్రాములు వినియోగిస్తుంది. అయినా రాత్రంతా ఏమీ తినని వ్యక్తిలో ఉదయం గ్లూకోజ్ స్థాయి డెసీలీటరుకు 70–100 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉంటుంది. ఈ నిలకడకు ప్రధానాధారం కాలేయం. మాంసం మాత్రమే తిన్న జంతువులోనూ కాలేయం నుంచి వెలువడే రక్తంలో చక్కెర ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ నిరూపించాడు. 1857లో గ్లైకోజన్‌ను వేరుచేశాడు.

భోజనానంతర స్థితి

భోజనం తరువాత గ్లూకోజ్ పెరగగానే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను స్రవిస్తాయి. దాని ప్రభావంతో కండరాలు, కొవ్వు కణజాలం గ్లూకోజ్‌ను గ్రహిస్తాయి. కాలేయం గ్లూకోజ్ విడుదలను తగ్గించి, దానిని గ్లైకోజన్‌గా నిల్వ చేసుకుంటుంది.

ఉపవాస స్థితి

ఉపవాసంలో ఇన్సులిన్ తగ్గి, ఆల్ఫా కణాలు స్రవించే గ్లూకగాన్ ప్రాబల్యం పెరుగుతుంది. కాలేయం తనలోని సుమారు 100 గ్రాముల గ్లైకోజన్‌ను విచ్ఛిన్నం చేసి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. కండరాలలో ఇంతకు మించిన నిల్వ ఉన్నా, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ లేనందున అవి దానిని నేరుగా రక్తానికి అందించలేవు. కాలేయంలోని నిల్వ దాదాపు ఒక రోజులో అడుగంటుతుంది. అంతకు ముందే లాక్టేట్, గ్లిసరాల్, అలనిన్‌ల నుంచి కొత్త గ్లూకోజ్ తయారీ సాగుతుంటుంది. ఉపవాసం రోజుల తరబడి సాగితే కొవ్వు నుంచి ఏర్పడే కీటోన్లు మెదడుకు ముఖ్య ఇంధనమవుతాయి. ఆ మేరకు గ్లూకోజ్ అవసరం తగ్గి, కండరాలలోని ప్రోటీన్ క్షయం నెమ్మదిస్తుంది.

వైద్యపరమైన ప్రాధాన్యం

టైప్-2 మధుమేహంలో కాలేయం ఇన్సులిన్ సంకేతానికి తగినంతగా స్పందించదు. అందువల్ల రాత్రి భోజనం మానినా ఉదయపు పరీక్షలో గ్లూకోజ్ అధికంగా కనిపించవచ్చు. దీనిని కేవలం ఆహార నియమ లోపంగా భావించి రోగిని నిందించడం శాస్త్రీయం కాదు. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయపు ఈ అధికోత్పత్తినే తగ్గిస్తుంది. ఇందుకు భిన్నమైన ప్రమాదం మరొకటి ఉంది. ఇంజెక్షన్‌గా తీసుకున్న ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా మాత్రలు భోజనం మానినా పనిచేస్తూనే ఉంటాయి. కాలేయం గ్లూకోజ్‌ను విడుదల చేయవలసిన సమయంలో దానిని అడ్డుకుని, స్థాయిని ప్రమాదకరంగా తగ్గించగలవు. కనుక ఈ ఔషధాలు వాడేవారు ఏకాదశి, రంజాన్ వంటి ఉపవాసాలకు ముందే వైద్యుని సలహాతో మోతాదును సరిచేసుకోవాలి.

ముగింపు

ఉదయపు గ్లూకోజ్ విలువ రాత్రి తిన్న ఆహారాన్ని మాత్రమే కాక, రాత్రంతా కాలేయం చేసిన పనిని కూడా సూచిస్తుంది. మధుమేహ చికిత్సలోనూ, ఉపవాస నిర్ణయంలోనూ ఈ అవగాహన అవసరం.