మీకు తెలుసా? మనీలాలో పుట్టిన చెంఘిజ్ ఖాన్

మంగోల్ చక్రవర్తి చెంఘిజ్ ఖాన్ కథను ఫిలిప్పీన్స్‌లో 1950లోనే సినిమాగా తీశారు. దర్శకుడు మాన్యుయెల్ కోండే. ప్రధాన పాత్రధారీ ఆయనే. చిత్రకారుడు కార్లోస్ 'బోటోంగ్' ఫ్రాన్సిస్కో కథారచనలో పాలుపంచుకుని, సెట్లు, దుస్తులు రూపొందించాడు. ఖర్చు తక్కువైనా తెరమీద ఆ లోటు అంతగా కనిపించదు; ఆ ఘనత చాలావరకు బోటోంగ్‌దే. 1952లో వెనిస్ చిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు. అమెరికన్ రచయిత జేమ్స్ ఏజీ దీనికి ఇంగ్లీషు వ్యాఖ్యానం రాశాడు. పునరుద్ధరించిన ప్రతి 2012లో మళ్లీ వెనిస్ తెరకెక్కింది.

ఈ చిత్రం వచ్చిన 1950ల దశకాన్ని ఫిలిప్పీన్ సినిమాకు స్వర్ణయుగం అంటారు. అప్పట్లో ఎల్‌వీఎన్, సాంపగీటా, ప్రీమియర్ స్టూడియోలదే హవా. ఎల్‌వీఎన్ అన్నది దే లియోన్, విల్లోంకో, నవోవా అనే మూడు కుటుంబాల పేర్ల పొడి అక్షరాలు. 1938లో మొదలైన ఆ సంస్థను నడిపింది అరవై దాటిన నార్సిసా దే లియోన్. అందరికీ ఆమె 'దోన్యా సిసాంగ్'.

లాంబెర్టో అవెల్లానా ఎల్‌వీఎన్‌కే తీసిన 'అనాక్ దలీటా' (1956)లో రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన మనీలా పాత కోటనగరం ఇంట్రామురోస్ శిథిలాలే నేపథ్యం. కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు అక్కడి నిరుపేదల మధ్యకు చేరతాడు. హాంకాంగ్‌లో జరిగిన ఆసియా చిత్రోత్సవంలో ఇది ఉత్తమ చిత్రంగా నిలిచింది.

ఎల్‌వీఎన్ 1961లో చిత్రనిర్మాణం ఆపేసింది. దాని ల్యాబ్ మాత్రం ఆ తర్వాత కూడా పనిచేసింది.